వాలీబాల్ కోర్టులో గులాబీలు

మా మిషన్ కాంపౌండులో గులాబీలు విరగబూస్తున్నాయనీ, నీడ గడియారం చుట్టూ పచ్చిక పరుచుకుని ఉందనీ నేను ఇరవై ఏడేళ్ళు ఇంగ్లండుకి ఉత్తరాలు రాశాను. ఆ స్థలంలో హాస్టలు పిల్లల వాలీబాల్ కోర్టు ఉందని ఒక్కసారీ రాయలేదు. పైగా నేను ఇంగ్లీషు టీచర్ని. ఆదివారం ఆదివారం సండే స్కూలు పిల్లలకి పది ఆజ్ఞలు వల్లె వేయించేదాన్ని. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటే హ్యారియెట్ నుంచి మెయిల్ వచ్చింది. హ్యారియెట్ అంటే మా మిస్సమ్మగారి తమ్ముడి మనవరాలు. మిస్సమ్మగారు నర్సీపట్నంలో ముప్ఫై ఏళ్ళు మిషన్ బడి నడిపి, డెబ్బై నాలుగులో తిరిగి వెళ్ళిపోయిన దొరసాని. పేరు ఎడిత్. బంగ్లా ముందు ఆవిడ ఒక తోట వేయించుకుంది. దానికి మాలీ మా మామగారు సామ్యేలు. ఆవిడ పోయాక కూడా ప్రతి క్రిస్మస్‌కీ ఆ కుటుంబానికి మా ఇంటి నుంచి ఒక ఉత్తరం వెళ్ళాలి, అది మా ఆచారం.

మెయిల్ సంగతి ఇదీ. ఇంగ్లండు పల్లెలో మెర్లింగ్ హాల్ అని వాళ్ళ పాత ఇల్లు ఒకటుంది. దాని ముందు మిస్సమ్మగారి తల్లి నూట పదిహేనేళ్ళ కిందట పెద్ద పూలతోట వేయించింది. యుద్ధం రోజుల్లో దాన్ని దున్ని బంగాళాదుంపలు నాటారు. తర్వాత ఇల్లు ఎవరెవరి చేతులో మారింది, తోట మీద సిమెంటు పోసి కార్లు నిలబెట్టారు, నక్షాలున్న గది కాలిపోయింది. ఇప్పుడు హ్యారియెట్ వాళ్ళు ఒక ట్రస్టు పెట్టి ఆ తోటని మళ్ళీ వేయాలనుకుంటున్నారు. 'కొలతలు ఎక్కడా లేవు. కానీ ఎడిత్ అత్త తన తల్లి తోటని నర్సీపట్నంలో అచ్చం అలాగే వేసింది. ప్రపంచం మొత్తం మీద ఆ తోట ఇప్పుడు మీ దగ్గరే బతికుంది. ఫిబ్రవరిలో కొలుచుకోవడానికి వస్తున్నాం' అని రాసింది.

మా ఆయన దయాకర్ బాబు ఆర్టీసీలో కండక్టరు. అప్పుడే డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఏవండీ, మనం మునిగిపోయాం" అన్నాను.

"ఏటైంది?"

"ఇంగ్లండు వాళ్ళు తోట కొలవడానికి వస్తారంట."

"ఏ తోట?" అన్నాడు.

"నేనూ అదే అనుకుంటున్నాను."

అసలిది ఎలా మొదలైందో చెప్పాలి. తొంభై ఆరులో నేను కోడలిగా వచ్చిన మొదటి డిసెంబరు. మామయ్య నీలం రంగు ఏరోగ్రామ్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, "ఇంగిలీసు సదివేవు కదమ్మా, మిస్సమ్మగారికి రాయి. గులాబీలు పూసేయని రాయి" అన్నాడు. నేను కిటికీలోంచి చూశాను. అప్పటికే నూతిలో నీళ్ళడుగంటి, తోట ఎండి, హాస్టలు వాళ్ళు నేల చదును చేసి వల కట్టేశారు. "గులాబీలెక్కడున్నాయి మావయ్యా?" అన్నాను. "ఎనభై నాలుగేళ్ళ ముసిల్దమ్మా. అక్కడ ముసిలోళ్ళ ఆశ్రమంలో మంచం మీద ఉంది. ఏటి వినాలని ఎదురు సూస్తాది?" అన్నాడు. రాశాను. ఒక్క వాక్యం.

ఆవిడ తొంభై తొమ్మిదిలో పోయింది. ఉత్తరాలకి జవాబులు హ్యారియెట్ రాయడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి అడిగేకొద్దీ నాకు ఉత్సాహం వచ్చేది, ఏం దాచుకోను. ఈ ఊళ్ళో నా ఇంగ్లీషు ఎవరికి కావాలి? ప్రశ్నకి ఐదు మార్కులు, గైడులో చూసి రాసే జవాబులు. హ్యారియెట్‌కి రాసేటప్పుడు మాత్రం నేను డిక్షనరీ తీసుకుని కూర్చునేదాన్ని. నీడ గడియారం మీద మంచు పడ్డం, హాలీహాక్ పూలు గోడకి ఆనుకుని నిలబడ్డం అంతా నేనే. హాలీహాక్ అంటే ఎలా ఉంటుందో నాకిప్పటికీ తెలీదు. మామయ్య ఒక్క అబద్ధం చెప్పాడు. తోట మొత్తం వేసింది నేను.

మెయిల్ మామయ్యకి చదివి వినిపించాను. ఆయనకి ఎనభై ఎనిమిది. నడుం కింద సత్తువ లేదు, రోజంతా వరండాలో కుర్చీలోనే. కానీ కాంపౌండులో ఏ ఇంట్లో తగువొచ్చినా, చర్చిలో రెండు వర్గాలు కొట్టుకున్నా, సామ్యేలు తాత ఏం చెబితే అదే ఖాయం. ఆయన నోట అబద్ధం రాదని అందరూ అంటారు. అలాంటి మనిషి ఈ వయసులో అబద్ధీకుడనిపించుకుని పోతాడేమోనని నా భయం. అదీ నా రాతవల్ల.

"రానీ" అన్నాడు విని.

"ఏం చూపిస్తారు వాళ్ళకి? వలా?"

"నిజం రాసీ అమ్మా. సామ్యేలు అబద్ధమాడేడని రాసీ. నీ పేరెత్తకు."

ఆయన అలా అనకపోయినా బాగుండేది. నీదే తప్పని తిట్టుంటే నిజం రాసేసేదాన్నేమో. మూడు రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. 'క్షమించాలి' అని మొదలుపెట్టి కొట్టేశాను, మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ కొట్టేశాను. నాలుగో రోజు 'తప్పకుండా రండి, మామయ్య ఎంతో సంతోషించారు' అని పంపేశాను.

ఇక మిగిలింది ఒకటే దారి. ఫిబ్రవరి లోపల తోట ఉండాలి.

చర్చి కమిటీ సెక్రటరీ బెన్హర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఇంగ్లండు నుంచి మిస్సమ్మగారి వాళ్ళు వస్తున్నారు, పాత తోట ఉన్నచోట నాలుగు పూలమొక్కలు పెడితే మన కాంపౌండుకి మర్యాద అన్నాను. ఇది అబద్ధం కాదు గానీ నిజమూ కాదు. అప్పటికి నాకు అలవాటైపోయింది.

"పిల్లలెక్కడ ఆడతారండీ టీచరుగారూ? జోనల్ ఆటలున్నాయి కదా" అన్నాడాయన.

"మూడు నెలలు జూనియర్ కాలేజీ గ్రౌండుకి పంపండి. మీకు పుణ్యముంటుంది."

"పుణ్యం సంగతి దేవుడు సూసుకుంటాడు. ఫిబ్రవరి పన్నెండు, సోమవారం. ఆ రోజు వల కట్టేస్తాను. మొక్కలుంటే పీకించేస్తాను, తర్వాత నన్ననకండి."

"అలాగే" అని మాటిచ్చాను. ఇంగ్లండు వాళ్ళు తొమ్మిదో తారీఖుకే వెళ్ళిపోతారు. ఆ తర్వాత పీకితే నాకేంటి అనుకున్నాను.

తవ్వకానికి కోటవురట్ల వైపు నుంచి కూలిపని చేసే వరహాలక్ష్మి నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. చెరకు కొట్టుడు మొదలవడానికి ఇంకా టైముంది, అందుకని దొరికారు. ఆమె గట్టి మనిషి. పలుగు భుజాన వేసుకుని కోర్టు చుట్టూ ఒక్కసారి తిరిగి, "ఇది నేల కాదు టీసరమ్మా, రోడ్డు" అంది. మామయ్యని కుర్చీతో సహా మోసి చింతచెట్టు నీడలో కూర్చోబెట్టాం. ఎక్కడ తవ్వాలో ఆయనే చెప్పాలి.

"ముందు నీళ్ళు ఒంపండి" అన్నాడు.

"తవ్వకండా నీళ్ళేటి తాతా?" అంది వరహాలక్ష్మి.

"ఒంపమన్నానా. నూతి గట్టు కాడ నిలబడి ఒక్క బిందె ఒంపి ఊరుకో. పారనీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను స్కూలుకి సెలవు పెట్టి నిలబడితే ఈయనకి నీళ్ళాట కావాల్సొచ్చింది అనుకున్నాను. బోరు కొళాయి దగ్గర పట్టుకొచ్చి ఒక బిందె ఒంపారు. ఇంకోటి ఒంపారు. పదిహేను బిందెలయ్యాక, గట్టిపడిపోయిన ఆ నేల మీద నీళ్ళు సన్నగా ఒక వంపు తిరిగి, తూర్పు గోడ వైపు వెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ వెనక్కి తిరిగాయి. మామయ్య కుర్చీలోంచి ముందుకి వంగాడు. "అదిగో, ఆ ఎంబడే గీయండి. బేగి, ఆరిపోకండా" అన్నాడు. కోర్టు గీతలకి హాస్టలు వాళ్ళు వాడే సున్నం ఉంటే అదే పోసుకుంటూ పోయాం. ఆ గీత మీద తవ్వితే మూరెడు లోతున ఇటుకలు తగిలాయి. ఏటవాలుగా, ఒకదాని భుజానికొకటి ఆనించి పాతిన పాత ఎర్ర ఇటుకలు.

నేను ఆ మట్టిలోనే చతికిలబడ్డాను. నా ఉత్తరాల్లో తప్ప ఎక్కడా లేదనుకున్న తోట నా కాళ్ళ కిందే ఉంది.

నవంబరంతా అదే పని. ఉదయం ఏడింటికి మామయ్య నీళ్ళు ఒంపిస్తాడు, సున్నం పోస్తాం, తవ్వుతాం, ఇటుకలు తేలతాయి. నీడ గడియారం రాయి హాస్టలు వెనక బట్టలుతికే బండగా దొరికింది. దాని మీద గీతలు సబ్బుకి సగం అరిగిపోయాయి. ఇత్తడి ముల్లు ఎవరమ్ముకున్నారో దేవుడికే తెలియాలి. మా ఆయన డిపోలో పాత బస్సు తాలూకు రేకుముక్క కోయించి తెచ్చి బిగించాడు. టైము రెండు గంటలు తప్పు చూపించేది. "మన బస్సులు అంతే కదా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

హ్యారియెట్ రోజు విడిచి రోజు మెయిల్ పెట్టేది. తూర్పు దారి వెడల్పెంత? మధ్య మడి గుండ్రమా, కోలా? నేను టేపు పట్టుకెళ్ళి కొలిచి, నాలుగడుగుల రెండంగుళాలు అని రాసేదాన్ని. ఎంత హాయిగా ఉండేదో! ఇన్నేళ్ళలో ఆ అమ్మాయికి నేను రాసిన మొదటి నిజాలు అవే. ఈ లెక్కన బయటపడిపోతామేమో అనిపించింది. తోట చచ్చిపోయి బతికింది, అంతేకదా! ఎవరి తోట మాత్రం చావలేదూ?

డిసెంబరు చివర్లో, క్రిస్మస్ హడావుడి అయ్యాక, ఇటుకలన్నీ తేలాయి. నేను బంగ్లా మేడ మీదికెక్కి చూశాను. ఆరు మడులు. ఒక్కటీ తిన్నగా లేదు. ఒకదాని చుట్టూ ఒకటి జిలేబీ చుట్టినట్టు తిరిగి ఉన్నాయి. నేను పాఠాల్లో చూసిన ఇంగ్లీషు తోటలన్నీ స్కేలు పెట్టి గీసినట్టుండేవి. కిందికి దిగి మామయ్యని అడిగాను.

"ఇంగ్లీషు వాళ్ళ తోటలు ఇలా వంకర్లుగా ఉంటాయా మావయ్యా?"

ఆయన చేతికర్రతో ఇటుక మీద మట్టి గీకుతూ కూర్చున్నాడు.

"ఉండవు" అన్నాడు చివరికి. "మిస్సమ్మగారు గీసింది సక్కటి గీతలే. శిలువ నాగ రెండు దార్లు, నాలుగు మూలలా మడులు. కానీ మన నేల అటు వాలమ్మా, నీరెక్కదు. రెండేసవులు సూసేను. బిందెలతో మోసి మోసి నా బుజాలు పోనాయి, మొక్కలూ పోనాయి. ఆవిడ సెలవు మీద దేశం ఎల్లింది, ఏడాది. అప్పుడు మొత్తం పీకీసి తిప్పీసేను. నీరు ఏ దారిన పోతే ఆ దారిన ఏసేను."

"ఆవిడ వచ్చి చూసి ఏమన్నారు?"

"మీరు గీసినట్టే ఉంది కదండీ అమ్మగారూ అన్నాను. ఉంది సామ్యేలూ అంది. అంతే, మరి మాటాడలేదు. ఆ ఏడు పువ్వులు పూసేయమ్మా, ఆ పూత నువ్వు సూడాల."

నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. అరిచేశాను కూడా. "అంటే ఇది వాళ్ళ తోట కాదా? ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు? వాళ్ళు కోట్లు పెట్టి ఇంగ్లండులో ఈ వంకర్లు వేసుకుంటారు మావయ్యా! మా ముత్తవ్వ వేసిందని చెప్పుకుని మురిసిపోతారు!"

"ఏసుకోనీ. నీరు బాగా పారతాది" అన్నాడు ముసలాయన.

ఆ రాత్రి అన్నం కూడా తినబుద్ధి కాలేదు. తోట ఉందనే అబద్ధం నుంచి తప్పించుకుందామని తవ్వి తవ్వి ఇంకో అబద్ధంలో పడ్డాను. ఇప్పుడు చెబితే రెండూ చెప్పాలి. మామయ్య యజమానురాలితోనే అబద్ధమాడాడని చెప్పాలి. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. తెలిసింది మామయ్యకీ నాకూ, అంతే. ఊరుకుందామని గట్టిగా నిర్ణయించుకున్నాను. నాకు ఊరుకోవడం చేతకాదని మా ఆయన ఎప్పుడూ అంటాడు గానీ, ఈసారి ఊరుకుంటాను అనుకున్నాను.

జనవరిలో వరహాలక్ష్మి వాళ్ళు చెరకు పనికి వెళ్ళిపోయారు. బంతి, చామంతి నారు మా ఆయనా నేనూ నాటాం. గులాబీలు మాత్రం నెలలో పూయవు కదా. నర్సరీ నుంచి పూసిన మొక్కలే నలభై తెప్పించి, కుండీలతో సహా మడుల్లో పాతి పైన మట్టి కప్పేశాను. మామయ్య చూసి మొహం తిప్పుకున్నాడు. "కుండీతో పాతుతారేటమ్మా? ఏరు ఊపిరెలా తీస్తాది?" అన్నాడు. "వారం రోజులు తీయకపోయినా ఫరవాలేదు" అన్నాను. అప్పటికి నాకు వాటి మీద జాలి కూడా మిగల్లేదు.

ఫిబ్రవరి ఆరున హ్యారియెట్ వచ్చింది. యాభై దాటిన మనిషి, తెల్లజుట్టు కత్తిరించుకుని, మోకాళ్ళ దగ్గర మట్టి మరకలున్న ప్యాంటు వేసుకుని. వెంట కోలిన్ అని ఒక తోటమాలి. హ్యారియెట్ గేటు దగ్గరే ఆగిపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇటుకల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చేత్తో తడిమింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. కోలిన్ మాత్రం ఒక గులాబీ మొదట్లో వేలు గుచ్చి చూశాడు. ఇంకో దాని దగ్గరా గుచ్చాడు. లేచి నా వైపు చూశాడు. వెళ్ళి టేపు తీశాడు.

రెండు రోజులు కొలిచారు. నేను వెంట తిరుగుతూ అటు మాట ఇటూ ఇటు మాట అటూ చెప్పాను. హ్యారియెట్ ఎంత మంచిగా మాట్లాడితే నాకు అంత ఊపిరాడేది కాదు. ఎప్పుడెళ్తారా అని గంటలు లెక్కపెట్టుకున్నాను.

మూడో రోజు సాయంత్రం మా వరండాలో అందరం టీ తాగుతున్నాం. మార్చిలో పని మొదలుపెడతాం అంది హ్యారియెట్. తోట మొదట్లో ఒక రాయి పెడతారట. దాని మీద వాళ్ళ ముత్తవ్వ పేరు, ఆవిడ వేసిన తోట అని. కింద మామయ్య పేరు, దాన్ని కాపాడినవాడని. తర్వాత సంచీలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక పాత ఉత్తరం తీసింది. యాభై ఎనిమిదిలో మిస్సమ్మగారు ఇక్కణ్ణించి ఇంటికి రాసింది. 'అమ్మ గీసినట్టే, ఒక్క మడీ మారకుండా సామ్యేలు ఉంచాడు. నీ తోట ఇక్కడ బతికుందని అమ్మకి చెప్పండి' అని ఉంది. తల్లి అప్పుడు జబ్బుతో మంచాన ఉందట. ఉత్తరం ఆవిడకి చదివి వినిపించారట. వారంలో పోయిందట.

నేను తెలుగులో చెప్పాను. మామయ్య కప్పు కింద పెట్టాడు.

"అలగ రాసిందా?"

"అలాగే ఉంది మావయ్యా."

"ఆవిడకి తెలిసిపోయిందన్నమాట" అన్నాడు మెల్లగా. "రోజూ పొద్దున్న ఆ దారమ్మటే నడిసేది. నా ఎర్రిగానీ, తెలీకేటి?"

అప్పుడు గానీ నా బుర్రకి తట్టలేదు. సరిగ్గా గీసిన చేతికి వంకర తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసీ రాసింది. మంచం మీద ఉన్న తల్లికోసం. ఇలాంటి ఉత్తరాలు రాసింది నేనొక్కదాన్నే కాదన్నమాట. నాకు ఏడుపొచ్చింది, కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఇంత మంది కలిసి కట్టిన దాన్ని ఇప్పుడు విప్పడం ఎందుకు, ఇక్కడితో అయిపోయింది అనుకున్నాను.

అవలేదు. మామయ్య చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"రాయి మీద ఎవరి పేరన్నావు?"

"వాళ్ళ ముత్తవ్వ పేరు. కింద మీ పేరు. కాపాడేరని."

"కాపాడ్డమేటి? ఏసింది నేను!" ఆయన గొంతు అంత గట్టిగా విని ఎన్నేళ్ళయిందో. "ఆళ్ళమ్మ గీసింది ఎండిపోయింది. ఇది నాది. నా బుజాలు పోయి, నా బుర్ర పెట్టి తిప్పేను. నాది తీసుకెళ్ళి ఆళ్ళమ్మ పేరెట్టుకుంటారేటి? సెప్పు ఆవిడకి."

హ్యారియెట్ నవ్వుతూ నా వైపు చూసింది, ఏమన్నారని. మా ఆయన నా వైపు చూశాడు. నేను ఏం చెప్పినా ఇక్కడ ఎవరికీ తెలిసేది లేదు. 'చాలా సంతోషం, దేవుడు మిమ్మల్ని దీవించుగాక' అనొచ్చు. ఇరవై ఏడేళ్ళు అనలేదూ? వాక్యం నోటి చివర సిద్ధంగా ఉంది.

నేను ఆయన అన్నది అన్నట్టు చెప్పాను.

హ్యారియెట్ నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. కొన్ని ప్రశ్నలు అడిగింది. నేను అడిగి చెప్పాను. చివరికి నన్నే సూటిగా అడిగింది, మరి ఉత్తరాల్లో గులాబీలు? నేనే రాశాను, అన్నాను. పచ్చిక? అదీ నేనే. ఇక్కడ పాతికేళ్ళకి పైగా పిల్లలు వాలీబాల్ ఆడుకుంటున్నారు, అన్నాను.

"కుండీలు మొదటి రోజే కోలిన్ చూశాడు" అంది ఆమె. "మీరే చెబుతారని చూస్తున్నాం. ఇటుకలు పాతవే కదా, అవి చాలు అనుకున్నాను."

తిట్టినా బాగుండేది. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఆమె కాగితాలన్నీ చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. "కానీ ఇది ముత్తవ్వ తోట కాకపోతే, మా దగ్గర ఇంకేమీ లేదు" అంది, నాతో కాదు, కోలిన్‌తో. లేచి వెళ్ళి మామయ్య రెండు చేతులూ పట్టుకుని ఒక నిమిషం నిలబడింది. తర్వాత ఇద్దరూ కారెక్కి లాడ్జికి వెళ్ళిపోయారు.

"ఏటందమ్మా?" అన్నాడు మామయ్య. మొహం వెలిగిపోతోంది. అరవై ఐదేళ్ళ తర్వాత నోరు విప్పి తనదని చెప్పుకున్న మనిషి.

"మీ పేరే పెడతారంట మావయ్యా. సామ్యేలు తోట అని వేస్తారంట" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో. అప్పుడే కదా నిజం చెప్పింది నా నోరు! మామయ్య నన్ను పైనించి కింద దాకా చూశాడు.

"ఆ పిల్ల మొకం అలగ లేదమ్మా" అన్నాడు.

నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఇక దాచడానికి ఓపిక లేకపోయింది. "వాళ్ళ ముత్తవ్వది కాకపోతే వాళ్ళకి అక్కర్లేదంట. అంతే మావయ్యా" అన్నాను.

ఆయన తలూపాడు. బాధపడతాడేమోనని చూశాను. బాధ ఏమీ లేదు, ఆలోచిస్తున్నాడు. బంతిపూల మడుల మీద ఎండ తగ్గింది. మా ఆయన కప్పులు తీసుకెళ్తూ గుమ్మంలో ఆగిపోయాడు.

"మరి మనకి?" అన్నాడు మామయ్య.

"ఏంటి?"

"ఆళ్ళకి అక్కర్లేదు, సరే. మనకీ అక్కర్లేదేటి?"

"సోమవారం వల కడతారు మావయ్యా. బెన్హర్ గారికి మాటిచ్చేశాను. మొక్కలు కూడా పీకించుకోమన్నాను."

"అడిగి సూడు. ఇంగిలీసోళ్ళకి ఇరవై ఏడేళ్ళు రాసేవు కదా. ఈసారి మనోళ్ళని అడుగు. తెలుగులో అడుగు."

చెప్పులేసుకుని బయల్దేరాను. బెన్హర్ గారిల్లు కాంపౌండు అవతలి చివర, ఐదు నిమిషాల నడక. ఎవరో వస్తున్నారని చెప్పడానికి లేదు, మర్యాద అనడానికి లేదు. మాకు కావాలి అని మాత్రమే అడగాలి. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో దారంతా వెతుక్కున్నాను. గేటు దగ్గరికి వచ్చేసరికి కూడా దొరకలేదు.

గడియ తీసి లోపలికి నడిచాను.